బండి తాగే నీళ్ళు

ఔంగ్‌బాన్,
వాసో నెల పున్నమి వెళ్ళిన నాలుగో రోజు.

పూజ్యులు ఊ సుమన స్వామివారికి మూడుసార్లు నేలకు నుదురానించి మొక్కి, ఉపాసిక న్వే యీ విన్నవించుకునేది.

ఈ పదకొండేళ్ళలో మీకు చీవరాలు పంపాను, ఊరేసిన టీ ఆకు పంపాను, పెద్దమ్మ చేత క్షేమసమాచారాలు రాయించాను. స్వయంగా ఉత్తరం రాయడం ఇదే మొదలు. వర్షావాసం మూడు నెలలూ మీరు ఆశ్రమం దాటకూడదని తెలుసు కాబట్టి రమ్మని అడగడం లేదు. ఒక సంగతి చెప్పుకుంటాను. వినకూడనిదైతే ఇక్కడితో మడిచి పక్కన పెట్టేయండి.

మీరు సంసారంలో ఉన్నప్పుడు నడిపిన లారీ నీళ్ళు తాగుతోంది.

ఎక్కుడులో ఏ బండి అయినా తాగుతుందని నాకూ తెలుసు. క్యాబిన్ పైకప్పు మీద పీపా, దాన్నుంచి రేడియేటర్‌కి సన్న గొట్టం. ఆ ఏర్పాటు మీరు పెట్టిందే. తాజీ నుంచి కలా కొండ ఎక్కడానికి సగం పీపా సరిపోయేది. ఇప్పుడు పీపా మొత్తం అయిపోయి, దారిలో మళ్ళీ నింపుకోవలసి వస్తోంది. వెనక సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వస్తోంది. దాని వెనకాల వచ్చేవాళ్ళు అన్నం వండుతున్నారా అని అడుగుతున్నారు.

డ్రైవర్ కో లోన్ ఎండకి ఆవిరైపోతుందిలే అంటాడు. లేతు పని చేసే సాయ్ పాన్ చూసి, యుద్ధం అయిపోయి నలభై ఏళ్ళయింది అక్కా, అప్పటి మిలటరీ బండ్లలో ఇది ఒక్కటే ఇంకా యుద్ధం చేస్తోంది, ఇనుముకి ఇచ్చేయ్ అన్నాడు. వర్షావాసం ముగిసే తడింజుట్ పండగ దాటగానే క్యాబేజీ దిగుతుంది. నాకూ పెద్దమ్మకీ ఈ బండి తప్ప మరో ఆధారం లేదు. ఇది ఇనుముకి పోవలసిందేనా, ఇంకా బతుకుతుందా, ఆ ఒక్కటి చెబితే చాలు.

పెద్దమ్మ మొక్కులు చెప్పమంది.

ఉపాసిక,
న్వే యీ.


సగాయింగ్ కొండ,
వాసో అమావాస్య.

ఉపాసిక న్వే యీకి తెలియజేసేది.

ఉత్తరం అందింది. గృహస్థుగా ఉన్నప్పటి వస్తువుల మీద ఈ భిక్షువుకు హక్కు లేదు. వాటి గురించిన చింత కూడా ఉండకూడదు. చీవరం కట్టుకున్న రోజున ఆ లారీతో ఉన్న సంబంధం తీరిపోయింది. తెలిసిన మంచి మేస్త్రీకి చూపించుకోవాలి. పెద్దమ్మ గారికీ నీకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతున్నాను.

ఊ సుమన.

పైన రాసింది ముగించి సంతకం పెట్టాక ఇది రాస్తున్నాను. ఇది ఇంజను సంగతి కాదు, నీళ్ళ సంగతి, కనుక దోషం లేదనుకుంటాను. పీపా కొళాయి తెరిచి ఉన్నంతకాలం రేడియేటర్ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. అందులోంచి ఎంత పోతోందో, ఎక్కడ పోతోందో ఎవరికీ తెలియదు. కొళాయి కట్టేయండి. రేడియేటర్ మెడ దాకా నింపి, చదునైన దారిలో పది మైళ్ళు నడిపి, చల్లారాక మూత తీసి, మళ్ళీ నిండడానికి ఎన్ని డబ్బాలు పట్టాయో చూడండి. ఇంటి దగ్గర నిలిపినప్పుడు బండి కింద పొడి ఇసుక పరిచి, తెల్లవారాక ఎక్కడ తడిసిందో చూడండి. హోస్ పైపులు, నీళ్ళ పంపు కింద ఉన్న చిన్న కన్నం, రేడియేటర్ అతుకులు చేత్తో తడమండి.

కొండ ప్రాంతంలో పొద్దునపూట ఏ బండికైనా తెల్లటి ఆవిరి వస్తుంది. అది సైలెన్సర్లో చేరిన మంచు తడి. బండి వేడెక్కాక ఆగిపోవాలి. ఆగుతోందా?


ఔంగ్‌బాన్,
వాగౌంగ్ పాడ్యమి వెళ్ళిన ఆరో రోజు.

పూజ్యులు ఊ సుమన స్వామివారికి,

నీళ్ళ సంగతి రాసినందుకు మొక్కులు. మీరు చెప్పినట్టే చేశాం.

కొళాయి కట్టేసి హేహో చదును దాకా పది మైళ్ళు పోయి వచ్చాం. చల్లారాక చూస్తే కండెన్స్డ్ పాల డబ్బాతో పదకొండు డబ్బాలు పట్టాయి. ఇసుక మూడు రోజులు పరిచాను. పొడి ఇసుక పొడిగానే ఉంది. పెద్దమ్మ పిల్లి తప్ప దాన్ని ఎవరూ తడపలేదు. పైపులు గట్టిగా ఉన్నాయి. పంపు కన్నం దగ్గర కాస్త తుప్పు ఉంది, తడి లేదు. అంటే నీళ్ళు బయటికి కారడం లేదు, కానీ పోతున్నాయి.

ఆవిరి ఆగడం లేదు. పది మైళ్ళు పోయాక, బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక కూడా అలాగే వస్తోంది. సైలెన్సర్ చివర పొడి గుడ్డ పట్టి చూశాను. పిండితే చుక్క రాలింది. నల్లగా లేదు, నూనె వాసన లేదు. ఉత్త నీళ్ళు.

బ్రేకు తొక్కితే ఎడమకు లాగే అలవాటు ఇంకా పోలేదు. దిగుడులో కుడి భుజం పీకేస్తుంది. మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి.

ఇక ఏం చూడమంటారు? ఇంజను సంగతి అడగడం లేదు. నీళ్ళ సంగతే.

న్వే యీ.


సగాయింగ్ కొండ,
వాగౌంగ్ పున్నమి.

న్వే యీకి,

నీ ఉత్తరం వచ్చిన పూట ఆశ్రమ పెద్ద స్వామి నా వంక చూసి, "ఊపిరి లెక్కపెట్టమంటే సిలిండర్లు లెక్కపెడుతున్నావా సుమనా?" అన్నారు. దాచలేకపోయాను. నది వంతెన మీద లారీ పోతుంటే కళ్ళు మూసుకుని కూర్చుని కూడా అది ఏ బండో, ఏ వాల్వు వదులైందో తెలిసిపోతుంది నాకు. పదకొండేళ్ళయినా అది పోలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన, "కొండ దారిలో ఒక మనిషి ప్రాణం మీదికి రాకుండా చెప్పడం కూడా దానమే. చెప్పు. కానీ ధ్యానానికి కూర్చున్నప్పుడు చెప్పకు" అన్నారు. కనుక ఇప్పుడు అనుమతితోనే రాస్తున్నాను.

నాలుగు పనులు చెయ్యి.

ఆయిల్ చూసే కడ్డీ తీసి వేళ్ళతో రుద్దు. నీళ్ళు కలిస్తే పాలు పోసిన టీలా తెల్లబడుతుంది. ఆయిల్ పోసే మూత లోపలి వైపు నురగ ఉందేమో కూడా చూడు.

ఆరు ప్లగ్గులూ విప్పి, ఏది ఎక్కడిదో తప్పిపోకుండా బల్ల మీద వరసగా పెట్టు. నీళ్ళు దిగే సిలిండర్ ప్లగ్గు కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంటుంది. మిగతావి ఇటుక రంగులో ఉంటాయి.

ఫ్యాను బెల్టు తీసేసి, రేడియేటర్ మూత తీసి, చల్లటి ఇంజను ఒక్క నిమిషం నడిపి నీళ్ళలోకి చూడు. బెల్టు లేకపోతే పంపు తిరగదు, నీళ్ళు కదలకూడదు. అన్నం ఉడికినట్టు బుడగలు వస్తే లోపలి పేలుడు గాలి నీళ్ళలోకి వస్తోందన్నమాట. ఒక్క నిమిషమే, ఎక్కువ వద్దు.

నాలుగోది పని కాదు, ప్రశ్న. బ్రేకు ఎడమకు లాగడం, భుజం పీకడం స్టీరింగ్ పట్టుకున్న మనిషికి తెలిసే సంగతులు. కో లోన్ తన భుజం నొప్పి నీకు చెప్పుకుని ఉత్తరం రాయించే రకం కాదు. బండి ఎవరు నడుపుతున్నారు?

ఊ సుమన.


ఔంగ్‌బాన్,
వాగౌంగ్ పున్నమి వెళ్ళిన పన్నెండో రోజు.

పూజ్యులు స్వామివారికి,

నేనే నడుపుతున్నాను.

కో లోన్ తగూ నెలలో నీళ్ళ పండగకి ఊరికి పోయి తిరిగి రాలేదు. మొదట్లో నీళ్ళ పీపా ఖాళీ అవుతోందని గొణిగేవాడు, చివరికి ఈ దయ్యాన్ని కొండెక్కించడం నావల్ల కాదని కబురు పెట్టాడు. మీకు రాసినదాంట్లో అతని మాట ఒకటి తప్ప అన్నీ నావే. చెబితే వద్దంటారని చెప్పలేదు. మొదటిసారి తాజీలో సరుకు దించుతుంటే హమాలీలు క్యాబిన్లోకి తొంగి చూసి, డ్రైవరెక్కడమ్మా అన్నారు. మీ ఎదురుగానే ఉన్నాడన్నాను. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. పైగా నాకు సంబంధాలంటూ పెద్దమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. అది నాకు లాభమే.

మీరు చెప్పిన మూడు పనులూ చేశాను. ఆయిల్ నల్లగా శుభ్రంగా ఉంది, నురగ లేదు. ఆరు ప్లగ్గులూ ఒకే తల్లి పిల్లల్లా ఒకే ఇటుక రంగు. రేడియేటర్లో నా ముఖం కనిపించేంత నిశ్చలంగా ఉన్నాయి నీళ్ళు. ఒక్క బుడగ రాలేదు. సాయ్ పాన్ తల గోక్కున్నాడు. నీళ్ళు బయటికి పోవడం లేదు, ఆయిల్లోకి పోవడం లేదు, సిలిండర్లోకి పోవడం లేదు, మరి పొగలోకి ఎలా వస్తున్నాయక్కా అన్నాడు.

పోయిన వారం టౌంజీకి బియ్యం తోలాను. ష్వేన్యాంగ్ దాటి ఎక్కుడు మొదలయ్యాక, ఏడో మలుపులో బండి మరిగింది. మూత ఎగిరిపోతుందేమో అన్నంత ఆవిరి. దిగి నీళ్ళ డబ్బా ఎత్తాను. అక్కడ రోడ్డు పక్క గుడిసె వేసుకుని బండ్లకి నీళ్ళు పోసే ముసలమ్మ, పఓ తెగ ఆమె, నా చెయ్యి పట్టుకుంది. "కాలే ఇనుము మీద చన్నీళ్ళు పోయకమ్మా, పగులుతుంది. కూర్చో" అంది. కూర్చున్నాను. ఉప్పు వేసిన టీ ఇచ్చింది. చల్లారేదాకా చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఒకటి అడగాలి. ఈ ఇంజను ఇంతకుముందు ఎప్పుడైనా బాగా మరిగిందా? మీకు గుర్తుందా?

న్వే యీ.


సగాయింగ్ కొండ,
తోతలిన్ పాడ్యమి వెళ్ళిన ఏడో రోజు.

న్వే యీకి,

పాత బండ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు మరిగినవే.

సాయ్ పాన్ అడిగిన ప్రశ్న సరైనది. జవాబు అతని మాటలోనే ఉంది. సిలిండర్లోకి పోకుండా పొగలోకి పోతున్నాయంటే, సిలిండర్ దాటాక, పొగ బయటికి వచ్చే దారిలో ఎక్కడో నీళ్ళు కలుస్తున్నాయి. సిలిండర్ల పైన మూతలా బిగించిన హెడ్డులో పొగ దారికీ నీళ్ళ దారికీ మధ్య పలచటి ఇనప గోడ ఒక్కటే ఉంటుంది. ఆ గోడ ఎక్కడో చిట్లి ఉండాలి. వేడెక్కినప్పుడు చీలిక తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే నిలిపి ఉన్న బండి కింద ఇసుక తడవదు.

ఈ ఉత్తరంతో చిన్న పొట్లం పంపుతున్నాను. మా చీవరాలకు రంగు వేసే పనస చెక్క ముక్కలు. బాగా మరగబెట్టి వడకట్టి, ఆ నీళ్ళు రేడియేటర్లో పోసి, ఒక రోజు బండి నడుపు. నీళ్ళు ఆవిరైపోయినా రంగు ఇనుము మీద మిగిలిపోతుంది. హెడ్డు కుడి పక్కన, ఆరు సిలిండర్ల పొగనూ కలుపుకుని సైలెన్సర్‌కు పంపే లావు గొట్టం ఉంటుంది. మేనిఫోల్డ్ అంటారు. అది హెడ్డుకు అతుక్కున్న చోట పసుప్పచ్చ చార కనిపిస్తే, బోల్టులు విప్పి గొట్టం పక్కకు లాగు. బోల్టులు బిగుసుకుపోయి ఉంటాయి. కిరోసిన్ పోసి ఒక రోజు నానబెట్టు, తొందరపడి విరగ్గొట్టకు.

విప్పాక ఏం కనిపించిందో నాకు రాయి. ఏం కనిపించినా రాయి.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. పట్టించుకోవద్దు.

దిగుడులో రెండో గేరు వదలకు. భుజానికి ఆవనూనె కాచి రాసుకో. మీ అమ్మ అలాగే రాసేది.

ఊ సుమన.


ఔంగ్‌బాన్,
తోతలిన్ పున్నమి వెళ్ళిన తొమ్మిదో రోజు.

స్వామివారికి,

చార కనిపించింది. నాలుగో సిలిండర్ దగ్గర, కొత్త చీవరం కొంగులా పసుప్పచ్చగా.

బోల్టులు రెండు రోజులు నానబెట్టాం. సాయ్ పాన్ ఒక్కొక్కటే తిప్పుతుంటే నేను దీపం పట్టుకున్నాను. గొట్టం పక్కకి లాగగానే దీపం దగ్గరికి పెట్టాను. హెడ్డు మీద నాలుగు అంగుళాల పొడవున ఇనప మేకులు వరసగా దిగి ఉన్నాయి. పద్నాలుగు లెక్కపెట్టాను. ఒక్కొక్కటి పక్కదాన్ని కొంత కొరుక్కుని దిగింది. పైన ఆకురాయితో ఎంత నున్నగా అరగదీశారంటే, పనస రంగు పట్టకపోతే అక్కడ మేకులున్నాయని ఎవరికీ తెలిసేది కాదు. సాయ్ పాన్ నెత్తిన చుట్టుకున్న గుడ్డ విప్పేశాడు. "ఎవరు కుట్టారక్కా ఇది? ఇనుమును బట్టలా కుట్టాడు మహానుభావుడు" అన్నాడు. ఏమో అన్నాను.

చివరి మేకు దాటి పగులు ఒక వేలి మేర ముందుకి పోయింది. నీళ్ళు అక్కడ కలుస్తున్నాయి.

ఎవరు కుట్టారో నాకు తెలుసు, నాన్నా. అమ్మ పోయిన ఏడో రోజు భిక్షువులకి అన్నం పెట్టిన మర్నాటి నుంచి నువ్వు బండి దగ్గరే ఉన్నావు. నెల రోజులు. బరమా తిప్పే చప్పుడు, ఆకురాయి చప్పుడు. నేను అన్నం పళ్ళెం తెచ్చి మడ్‌గార్డు మీద పెడితే, సాయంత్రానికి చీమలు పట్టి ఉండేది. నాకు పదిహేనేళ్ళు. ఇంట్లో అమ్మ చాప అలాగే పరిచి ఉంది, దాన్ని తియ్యాలా వద్దా అని అడగడానికి ఎన్నిసార్లు వచ్చానో. నువ్వు తల ఎత్తలేదు. ఆ నెల అయ్యాక తాళాలు కో లోన్‌కిచ్చి, నన్ను పెద్దమ్మకిచ్చి, సగాయింగ్ వెళ్ళిపోయావు.

చాప నేనే తీశాను.

ఇది ఎప్పుడు పగిలింది, నాన్నా?


సగాయింగ్ కొండ,
తడింజుట్ పున్నమి.

అమ్మాయీ,

రెండు కాగితాలు పెడుతున్నాను. మొదటిది సాయ్ పాన్‌కు ఇవ్వు. రెండోది నీకు. మొదటి దాని పని అయ్యాకే రెండోది చదువు. మాట వినవని తెలుసు, అయినా రాస్తున్నాను.

సాయ్ పాన్‌కు:

పగులు చివర ఎక్కడో కంటికి కనిపించదు. అది తెలియకుండా మేకు దించితే, దాని పక్క నుంచి మళ్ళీ నడుస్తుంది. ముందు కిరోసిన్ రాసి ఒక గంట వదిలెయ్యి. పొడిగుడ్డతో తుడిచి, ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే తనకా గంధం పొడిగా చల్లు. లోపల దాగిన కిరోసిన్ గంధం పీల్చుకుని సన్నటి గీతగా పైకి వస్తుంది. గీత ఆగిన చోటికి ఒక నూలు దూరం దాటి మొదటి కన్నం వెయ్యి. అక్కడ దించిన మేకు పగులును ఆపుతుంది. తరవాత వెనక్కి నడుచుకుంటూ రా. ప్రతి కన్నం ముందు మేకును మూడో వంతు కొరకాలి. కన్నంలో మర వేసి, మేకుకు సీసం తెలుపు పూసి బిగించు, పైన కోసి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, ఆకురాయి పట్టు. తొందర వద్దు. రోజుకు రెండు మేకులు చాలు. నా పాత మేకుల్లో చివరి రెండూ తీసి మళ్ళీ వెయ్యి. ఆ రెండూ తొందరలో వేసినవి.

నీకు:

తబౌంగ్ నెల. ఎండలు. తెల్లవారుజాము నుంచి మీ అమ్మకు కడుపులో నొప్పి. ఊళ్ళో కాంపౌండరు చూసి, ఇది నా చేతిలో లేదు, టౌంజీ ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. నిన్ను ఇంటి దగ్గర ఉండమన్నాను. లారీ వెనక పరుపు వేసి ఆమెను పడుకోబెట్టాను. ష్వేన్యాంగ్‌లో పీపా చూసుకోవాలి. ఎప్పుడూ చూసుకుంటాను. ఆ రోజు ఆగితే పది నిమిషాలు పోతాయని ఆగలేదు.

ఏడో మలుపులో మరిగింది. ఒక గంట ఆగాలి. ఎవరికైనా నేను అదే చెబుతాను. ఆ ముసలమ్మ చెప్పింది కూడా. ఆమె చేతిలో కుండ లాక్కుని, మూత తీసి, చన్నీళ్ళు గుమ్మరించాను. లోపల సన్నటి చప్పుడు వినిపించింది. గాజు గ్లాసు చిట్లినట్టు. ఇంజను ఆగిపోయింది. రెండు గంటలు అక్కడే ఉన్నాం. ఇంకో లారీ వచ్చి ఎక్కించుకుంది. ఆస్పత్రి మెట్లు ఎక్కేలోపే మీ అమ్మ పోయింది. ఆ రెండు గంటలు ముందు వచ్చుంటే బతికేదా అని డాక్టరుని అడగలేదు. ఏం చెబుతాడో అని.

మీ అమ్మ ఓన్ టిన్ కర్మ అలా ఉందని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఎవరూ చూడకుండా పగులు కుట్టి, నున్నగా అరగదీసి, వచ్చేశాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నీళ్ళు ఎక్కడ పోతున్నాయో నాకు తెలుసు. పైపులు తడమమని, ఇసుక పరచమని నిన్ను ఇంజను చుట్టూ తిప్పాను. తిన్నగా అక్కడికి పంపే ధైర్యం చాలక.

ఇవాళ వర్షావాసం ముగిసింది. ముగిసే రోజున భిక్షువులం ఒకరి ఎదుట ఒకరం మోకాళ్ళ మీద కూర్చుని, నాలో ఏ దోషం చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి అని అడుగుతాం. పెద్ద స్వామి కూడా అడుగుతారు. నేనూ అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. అనవలసిన మనిషి ఆ సభలో లేదు.

నిన్ను అడుగుతున్నాను. చెప్పు.

నాన్న.


తాజీ,
తడింజుట్ అమావాస్య వెళ్ళిన మూడో రోజు.

నాన్నా,

రెండో కాగితమే ముందు చదివాను.

పని అయింది. తనకా గంధం నాదే, సాయ్ పాన్‌కి ఆ గీత చూస్తే నవ్వు ఆగలేదు, బండికి పెళ్ళికూతురు అలంకారం అన్నాడు. కొత్త మేకులు ఐదు, నీవి రెండు మళ్ళీ. చివరి మూడూ నేను దించాను, అతను పక్కన నిలబడి చూశాడు. గొట్టం బిగించి, పీపా కొళాయి కట్టేసి, కలా కొండ దిగి ఎక్కాం. రెండు డబ్బాల నీళ్ళు పట్టాయి. సైలెన్సర్ చివర పట్టిన గుడ్డ పొడిగా ఉంది. నిన్న క్యాబేజీ మొదటి లోడు తాజీకి తెచ్చాను.

నేను కూడా ఒకటి దాచాను. ఏడో మలుపు ముసలమ్మ వాగౌంగ్‌లోనే నాకంతా చెప్పింది. బండి చూడగానే గుర్తుపట్టిందట. నీ ముక్కు నాకొచ్చింది కనుక నన్నూ గుర్తుపట్టింది. రెండు నెలలుగా నాకు తెలుసు. ఇంజను ఎప్పుడైనా మరిగిందా అని నేను అడిగింది, నువ్వు చెబుతావా లేదా చూద్దామని. పాత బండ్లన్నీ మరిగినవే అన్నావు. ఆ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నిన్ను పరీక్ష పెట్టడం నా తప్పు.

నీకు తెలియనిది ఆమెకు ఒకటి తెలుసు. చెబుతాను, కూర్చుని చదువు.

అమ్మ దారి పొడుగునా క్యాబిన్ వెనక రేకు మీద అరచేత్తో కొట్టిందట, ఆపమని. అమ్మే ఆమెతో అంది. ఇంజను మోతలో నీకు వినబడలేదు. ఆ కుదుపులే ఆమెను చంపుతున్నాయి. బండి ఆగాక ముసలమ్మ, ఇంకెవరో సాయం పట్టి, అమ్మను గుడిసె నీడలో పడుకోబెట్టారు. అమ్మ, "ఆగింది కదా, ఇంక కదపొద్దని మా ఆయనతో చెప్పు" అందట. రెండు గుక్కలు నీళ్ళు తాగింది. కింద ష్వేన్యాంగ్ వైపు పొలాలు కనబడుతుంటే అవి ఏ ఊరివని అడిగింది. మా అమ్మాయికి అన్నం వార్చడం వచ్చు, కూర మాడుస్తుంది అని చెప్పింది. కాసేపు నిద్రపోయింది. అంత ప్రశాంతంగా పడుకున్న మనిషి, ఆ రెండో లారీ ఎక్కించినప్పుడే మళ్ళీ మూలిగిందట.

ముందు చేరి ఉంటే బతికేదేమో. నాకు తెలియదు, నీకూ తెలియదు. చన్నీళ్ళు పోశావు, అది నిజం. ఆ తప్పు నేను నీ మీద మోపడం లేదు. నువ్వు కూడా ఇక మోయడం చాలు.

కానీ దోషం చెప్పమన్నావు కనుక చెబుతాను. ముసలమ్మ నీ గురించి ఒక్క మాటే అంది. "పాపం, ఆయన ఆ రెండు గంటలూ ఇంజను దగ్గరే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఈ నీడలోకి రాలేదు. ఆమె రెండుసార్లు అడిగింది." తర్వాత నెల రోజులు కూడా నువ్వు ఇంజను దగ్గరే ఉన్నావు. ఆ తర్వాత పదకొండేళ్ళు సగాయింగ్‌లో ఉన్నావు. అమ్మ పక్కన కూర్చోవలసిన రోజున కూర్చోలేదు, నా పక్కన కూర్చోవలసిన రోజుల్లో కూర్చోలేదు. నేను చూసిన దోషం ఇది. దయతో చెప్పమన్నావు. ఇంతకంటే దయగా చెప్పడం నాకు చేతకాలేదు. నాలుగుసార్లు రాసి చింపాను.

చీవరం విప్పమనడం లేదు. అది నీకు నప్పిందని పెద్దమ్మ అంటుంది. పెద్దమ్మ నాతోనే ఉంది, పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపుకీ దండం పెడుతోంది. సరుకు దించేశాం. రేపు పొద్దున ఖాళీ బండితో మాండలే దారి పట్టి, వంతెన దాటి వస్తున్నాం. చీవరం తేవడం లేదు, పళ్ళు తేవడం లేదు. మేమే వస్తున్నాం.

ఈ ఉత్తరం ఇప్పుడు రైలు టపాలో వేస్తున్నాను. ఏది ముందు చేరుతుందో తెలియదు. నేనే ముందు వస్తే, ఉత్తరం వచ్చేదాకా ఆశ్రమం అరుగు మీద ఉంటాను. వచ్చాక నా ఎదురుగా విప్పి చదువు. చదవడం అయ్యేదాకా నేను మాట్లాడను. నువ్వు లేవొద్దు.

న్వే యీ.